నలభై సాఫ్ట్‌వేర్లకి నేను పెట్టిన పరీక్ష

ఒక టీచరు సెలవు పెడితే ఆ క్లాసు ఏమవుతుంది, చెప్పండి చూద్దాం?

"అల్లరవుతుంది," అన్నాడు మా చిన్న మనవడు.

కాదురా, ఇంకో టీచర్ని పంపుతారు. సరిగ్గా అలాగే, మన పాత కంప్యూటర్లో ఫోటోలు చూపించే సాఫ్ట్‌వేరు పోయిన నెల మొరాయించి, మళ్లీ కొంటేగానీ తెరుచుకోనని భీష్మించుకు కూర్చుంటే నేనేమైనా బెదిరానా? నెట్‌లో ఒక సైటుంది. పనిచేయని సాఫ్ట్‌వేరు పేరు కొడితే, దాని బదులు ఏవేవి వాడుకోవచ్చో, వాటిలో ఉచితంగా దొరికేవేవో వరసగా చెబుతుంది. కొట్టాను. నలభై వచ్చాయి.

"నిన్న పన్నెండన్నావు," అంది వాడి అక్క. ఆ పిల్లని ఇంట్లో అందరం లాయరమ్మ అంటాం.

నిన్న చెప్పింది మొదటి పేజీ లెక్కే తల్లీ. అన్నిటినీ వరసలో నిలబెట్టాను. ముప్ఫై ఏళ్లు తరగతి నడిపిన కళ్లివి, ఒక్క చూపు చాలు. నీ ఫోను నంబరేంటి, నీ పుట్టినరోజెప్పుడు అని ఆరా తీసినదాన్ని బెంచీ ఎక్కించాను. పని మానేసి ప్రకటనలు చూపిస్తున్నదాని చేత గోడకుర్చీ వేయించాను. రెండు ఏడ్చాయి. ఒకటైతే వాళ్ల నాన్నని తీసుకొచ్చింది.

"సాఫ్ట్‌వేరుకి నాన్నేంటి?"

తయారుచేసినవాడు నాన్న కాక బాబాయా? చివరికి ఒక్క బుద్ధిమంతురాలు మిగిలింది. దాని సాయంతో మన ఫోటోలన్నీ, పన్నెండు వేలు, ఫోటోలు పంచుకునే సైట్లోకి ఎక్కించాను. అందులో పెడితే ఎక్కడున్న బంధువైనా ఒక లింకు నొక్కి చూసుకోవచ్చు. అర్థమైందా?

"అర్థమైంది. ఆ లింకే వారం రోజులుగా అడుగుతున్నాను," అంది లాయరమ్మ. "రోజూ రేపు అంటున్నావు. మధ్యాహ్నాలు తలుపేసుకుని కంప్యూటర్ ముందు ఏం చేస్తున్నావు? తాతయ్య నవ్విన ఫోటో ఎల్లుండిలోగా అమ్మకి కావాలి. ఫ్రేములవాడు అడుగుతున్నాడు."

అక్కడికే వస్తున్నా. పాలు పొయ్యి మీద పెట్టి మొదలుపెట్టానా, పొంగేలోపు పన్నెండు వేలూ ఎక్కేశాయి! ఆ వేగానికి వీధి వీధంతా నెట్ ఆగిపోయింది. ఎదురింటి దర్జీ ఫోన్లో మీ పిన్ని మూడో పుట్టినరోజు ఫోటో దానంతటదే వచ్చి కూర్చుంది. ఆ పైన జరిగింది చెబితే మీరు నమ్మరు.

"ఇప్పటిదాకా నమ్మామా?" అన్నాడు చిన్నాడు.

తొమ్మిది దేశాలవాళ్లు ఆ ఫోటో చూసి మురిసిపోయారు. ఒక దేశంలో బడులకి సెలవిచ్చారు. జనం తాకిడికి సైటు పునాదులు కుంగాయి. దాని యజమాని స్వయంగా ఫోను చేసి, "మేడమ్, మీ కుటుంబానికి వేరే భవనం కడుతున్నాం, అందాకా బాగాలేనివి కొన్ని తీసేసి పుణ్యం కట్టుకోండి" అని బతిమాలాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు పాపం. కాదనలేక పరీక్ష పేపర్లు దిద్దినట్టు దిద్దాను. మసక లేకపోతే నలభై మార్కులు, నిటారుగా నిలబడితే ముప్ఫై, కళ్లు తెరిచి ఉంటే ముప్ఫై. ముప్ఫై అయిదు రాకపోతే ఫెయిలు.

లాయరమ్మ కూరగాయల బుట్ట పక్కకి జరిపి నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఫెయిలైనవి ఏమయ్యాయి?"

తీసేశాను. కంప్యూటర్లోనూ, సైట్లోనూ.

"తాతయ్య నవ్విన ఫోటోకి ఎన్నొచ్చాయి?"

మీ తాతయ్య జన్మలో ఒక్కసారే కెమెరా ముందు నవ్వారు. పడీ పడీ నవ్వారేమో, ఒళ్లంతా ఊగి మొహం మసకయింది, నడుం ఒంగిపోయింది, కళ్లు మూసుకుపోయాయి. మిగతావాటన్నిటిలో గుర్తింపుకార్డుకి నిలబడ్డట్టే నిలబడ్డారు. వాటికి వందకి వంద.

"ఎన్ని, అమ్మమ్మా?"

సున్నా.

చిన్నాడు నా మోకాలు పట్టుకున్నాడు. "నవ్వుకి మార్కుల్లేవా?"

ముప్ఫై ఏళ్లలో ఏ ఇన్‌స్పెక్టరూ నన్ను అడగని ప్రశ్న అది.

లేవురా. పెట్టాల్సింది. తీసేసినవాటిని ఆ సైటువాళ్లు ముప్ఫై రోజులు చెత్తబుట్టలో ఉంచుతారు, ఆ తర్వాత ఉండవు. ఇవాళ ఇరవై ఎనిమిదో రోజు. ఫెయిలైనవి నాలుగు వేలు. ఒక్కొక్కటే చూసుకుంటూ పదిహేడు వందల దాకా వచ్చాను. జరగండి. ఆ కళ్లజోడు ఇటివ్వు తల్లీ, నాకింకా దిద్దాల్సినవి ఉన్నాయి.