వరద తగలని కాయలు

అదేం కూర్చోవడం చెల్లెమ్మా, తడిగోడకి వీపు ఆనించి? జ్వరం తెచ్చుకుంటావా ఏంటి? కాస్త అటు జరుగు. అక్కడ బురద ఎత్తాలి నేను.

ఆఁ, అలా.

మాట్లాడకపోతే పోనీలే. నా సంగతి తెలుసుగా, నోట్లో నువ్వుగింజ నానదు. నీ వంతు కూడా నేనే మాట్లాడేస్తాను. పొద్దున్నుంచీ మీ సంఘం ఆడవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు, "అక్కా, మా ప్రెసిడెంటు ఏమన్నా అందా?" అని. ఏమంటుందమ్మా, ఏముందని అంటుంది!

ఇదిగో, మీ జామగుజ్జు మిషను స్విచ్ జోలికి ఎవర్నీ పోనివ్వకు. మా ఊరు మునిగినప్పుడు ఆత్రం ఆపుకోలేక మేం వేసేశాం. భగ్గుమంది! మీ మోటారు విప్పించి ఎండలో పెట్టించాను. అది ఆరేదాకా మాది వాడుకోండి. ట్రాక్టరు మీద ఇంతదూరం మోసుకొచ్చింది అందుకేగా.

ఇంకోటి. వరద నీళ్ళు తగిలిన కాయ ఒక్కటి కూడా లోపలికి రాకూడదు. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, అయినా గోతిలో పూడ్చాల్సిందే. చెట్ల మీద ఉన్నవి చాలు. చూశావా అసలు, ఎన్ని నిలిచాయో? కొమ్మలు విరిగి వేలాడుతున్నా కాయని వదల్లేదు ఆ జామచెట్లు. మొండిఘటాలు!

వరద సాయం సంగతి ఒకటి గుర్తొచ్చింది. మాకు ఎక్కడినుంచో లారీడు బట్టలు పంపారు. నా వంతు మూటలో ఏమొచ్చిందనుకున్నావు? పెళ్ళికొడుకు కోటు! మెరిసే గుండీలూ అవీ! ఏం చేసుకోను? దాంతోనే మిషను తుడిచాం. నీళ్ళు బాగా పీల్చిందిలే.

నవ్వు రాలేదా? నాకూ రాలేదు. అందరూ నవ్వుతున్నారని పళ్ళు బయటపెట్టాను, అంతే.

అప్పటికి మా ఆయన పోయి వారం కూడా కాలేదు. గుజ్జు డ్రమ్ములు కొట్టుకుపోతాయని తాళ్ళు కట్టడానికి వెళ్ళాడు. వద్దంటే వింటాడా? నీళ్ళు తీశాక చూస్తే, డ్రమ్ములు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

నీ తోడికోడలి సంగతి నేను ఎత్తనులే. వచ్చినవాళ్ళంతా అదే ఎత్తుతున్నారుగా. బాయిలరు దగ్గర ఆవిడ, అమ్మకాల దగ్గర నువ్వు, ఇద్దరూ రెండెడ్లలా లాగారు ఈ సంఘాన్ని. బాయిలరు గోడ ఆవిడ మీద కూలినప్పుడు లోపల నువ్వుండాల్సింది, అంతేనా నీ మనసులో మాట? ఉండుంటే ఇప్పుడు ఆవిడ ఇలా కూర్చునేది. నేను ఆవిడతో వాగుతుండేదాన్ని. అంతకుమించి తేడా ఏమీ లేదు.

ఆ హారన్ వినబడుతోందా? దళారి లారీ. గోతికాడ నక్కలా కాచుక్కూర్చున్నాడు. "సంఘం ఎలాగూ చెట్టెక్కింది, కాయలు నాకు పోసెయ్యండి" అంటున్నాడు. మీవాళ్ళు కొందరు బుట్టలు ఎత్తుకుని ఎటు తిరగాలో తెలీక నించున్నారు. ఒక్కసారి వాడికి అలవాటు పడ్డారా, మళ్ళీ ఈ గడప తొక్కరు. మా పక్కూరి సంఘం అలాగే పోయింది. ఇప్పుడు ఆ షెడ్డులో మేకల్ని కడుతున్నారు.

పొమ్మను అని నేను చెప్పను. ఉండమను అనీ చెప్పను. బయటినుంచి వచ్చినదాన్ని, నాకేం హక్కు? కానీ వాళ్ళు నీ నోటివైపే చూస్తున్నారు.

ఏంటీ? ధైర్యమా? రాదమ్మా. వస్తుందని నీకెవరు చెప్పారు? నాకైతే రాలేదు. చేతులు కాయలు కోశాయి, కాళ్ళు నిలబడ్డాయి. నేను మాత్రం ఎక్కడో పక్కన కూర్చుని చూస్తున్నట్టుండేది.

ఏయ్, ఎక్కడికి? చెప్పులేసుకో! గాజుపెంకులున్నాయి అక్కడ!

వచ్చావా. ఏమన్నావేంటి వాడితో? "వెళ్ళు" అన్నావా? ఒక్క ముక్కేనా? వాడు సందు మలుపులో తిట్టుకుంటూ లారీ తిప్పుకోవడం వినబడిందిలే. అదిగో, మీవాళ్ళు చప్పట్లు కూడా కొడుతున్నారు, పిచ్చిమొహాలు.

నీకేమన్నా అనిపించిందా?

ఊఁ. నాకూ ఏమీ అనిపించలేదు. సరేలే, కత్తి తీసుకో. తొడిమ దగ్గర కాస్త లోతుగా కొయ్యి, కుళ్ళు అక్కడే దాక్కుంటుంది.

ఏమన్నావు? నేనెందుకు వచ్చాననా?

మా ఊళ్ళో నాది పెద్ద మనసని చెప్పుకుంటారులే. ఎక్కడ వరదొచ్చినా మిషను వేసుకుని బయల్దేరుతుందని. మనసూ లేదు, మన్నూ లేదు! మా షెడ్డు ఇప్పుడు తళతళలాడుతోంది చెల్లెమ్మా. కొత్త రేకులు, కొత్త బాయిలరు, గోడలకి రంగులు. అన్నీ ఆయన ఉన్నప్పటికంటే బాగున్నాయి. అందులో ఒక్క పూట నిలబడలేను. ఇలా బురదా కంపూ ఉన్నచోటే నాకు కాస్త ఊపిరాడుతుంది.

అలాగని మీకిలా అయినందుకు సంతోషమా అంటావా? ఏమో. ఆ మాట అడక్కు. మీ ఊరు మునిగిందని తెలిసిన పూట నేను కడుపునిండా తిన్నాను.

కొయ్యి, కొయ్యి. కాయలు నల్లబడుతున్నాయి.