సత్తిరాజుగారి నెమలి పడవ

ఏంట్రా బుల్లబ్బాయ్, మంచం కోళ్లకి చిలకలు చెక్కిస్తున్నావంటగా? చెక్కించు, చెక్కించు. మా నాన్న మునిమనవడివి, ఆ బుద్ధులెక్కడికి పోతాయి! ఇలా కూచో. ఏదీ, ఆ తమలపాకుల పళ్లెం ఇటు జరుపు.

మా నాన్న సత్తిరాజుగారంటే నరసాపురం రేవులో తెలీనివాళ్లు లేరు. గొప్పకి కాదులే, నవ్వుకోడానికి. ఆయన చేయించిన వస్తువులు చూడ్డానికి రెండు కళ్లూ చాలవు, వాడ్డానికి ఒక్కటీ పనికిరాదు. మా అమ్మకి కవ్వం చేయించాడు, దాని ఒళ్లంతా లతలూ మొగ్గలూను. తాడు చుట్టి చిలకబోతే ఆ మొగ్గల్లో చిక్కుకుని తెగిపోయేది. "చిలకడం ఎవరైనా చిలుకుతారే పిచ్చిదానా, ఆ మొగ్గ చూడు, రేపు పూసేట్టు లేదూ?" అనేవాడు. ఊఁ, పూసింది. మజ్జిగ మాత్రం పక్కింటినుంచి తెచ్చుకునేవాళ్లం.

నవ్వకు, అసలుది ముందుంది. నా పెళ్లి కుదిరింది నిడదవోలు వైపు. మా వాళ్లలో పెళ్లి మగపెళ్లివారింట్లోనే కదా, తరలి వెళ్లాలి. అందుకని ఆయన పడవ కట్టించాడు. మామూలు పడవనుకున్నావేంటి? కప్పు మీద పురివిప్పిన నెమలి! టేకుతో చెక్కించి, ప్రతి కన్నుకీ అద్దం ముక్క తాపించి, ఇనప సీలలు దిగ్గొట్టించాడు. గోదావరి మీద అటూ ఇటూ తిప్పితే ఊరంతా గట్టెక్కి చూసింది. గోదావరికేం, అప్పటికి మా వైపు దాని మీద వంతెనల్లేవు. ఎంత నెమలైనా పడుతుంది.

దొరలు తవ్వించిన కాలవలోకి వెళ్లాం. గట్టు మీంచి మనుషులు తాడేసి లాగుతున్నారు, సన్నాయి మోగుతోంది, నేను పెళ్లికూతురి బొట్టుతో లోపల. నీళ్లాపే తలుపులుంటాయే, ఆ రెండో లాకు దగ్గర వంతెనొచ్చింది. మిగతా పడవలు తెరచాప కొయ్య దించుకుని కిందనుంచి దూరిపోతున్నాయి. మా నెమలి దిగుతుందా? ఠప్పున కొట్టుకుంది. సన్నాయివాడు నీళ్లలో పడ్డాడు.

సాయంత్రానికి ముహూర్తం. పడవ నడిపే చిట్టియ్య, పాపం, "పైన రెండు రంపం కోతలండీ, ఎల్లిపోద్దండీ. తరవాత అతికించేసుకోవచ్చండీ" అన్నాడు. మా నాన్న నెమలికి అడ్డంగా నిలబడి, "ముందు నా పీక కొయ్యరా!" అని కేక. మా చిన్నాన్న, "అన్నయ్యా, పిల్ల పెళ్లి..." అంటే, "మీరు పదండి. నేనూ వస్తే దీన్నెవరు చూస్తారు? ఎవడైనా ఓ రాయి విసిరితే?" చిట్టియ్య కాపలా ఉంటానన్నా నమ్మలేదు.

ఈ గొడవలో మిగతా పడవలన్నీ వెళ్లిపోయాయి, వంతెన అవతల ఒక్క పడవే మిగిలింది. పొలాలకి పెంట తోలే పడవ. దాన్లోనే ఎక్కించారు నన్ను. ఎక్కే ముందు ఆయన పంచె పట్టుకున్నాను. "నాన్నా, నువ్వు రావా?" అన్నాను. నా మొహం చూళ్లేదు. ఓ అద్దం ముక్క బీటలిచ్చిందట, దాన్ని చూసుకుంటున్నాడు.

కన్యాదానం మా చిన్నాన్నే చేశాడు. అత్తారింట్లో నాకు పడ్డ పేరేంటో తెలుసా? పెంటపడవ కోడలు! ఈ వీరవేణికి అసలు పేరుందని మా అత్తగారికి చివరిదాకా గుర్తులేదు.

ఆ పడవ తరవాత ఎటూ కదల్లేదు. అడుగు చివికిపోతే నెమలిని ఊడదీసి మా వసారాలో నిలబెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే తుడిచేవాడు. నేను పుట్టింటికెళ్తే, "చూశావటే, ఇంకా ఎలా మెరుస్తోందో" అనేవాడు. చూశాను, చూశాను.

ఆయన పోయింది శ్రావణంలో. ఒకటే ముసురు, ఊళ్లో ఎక్కడా ఎండుకట్టె లేదు. మా అన్నయ్య అటూ ఇటూ చూసి, రంపం తెచ్చాడు. నేను వసారాలోనే కూచున్నాను. రెండు కోతలురా. రెండే. తోక విడిపోయింది. ఇంతేనా, ఇంత తేలికా అని ఒళ్లు మండిపోయింది నాకు. ఏడుపూ వచ్చింది. ఆయన కోసమో, నాకోసమో ఏమో.

బాగా అంటుకుందట. శ్మశానంనుంచి వచ్చి అన్నయ్యే చెప్పాడు.

...

నవారు గట్టిగా బిగించమను ఆ మంచానికి. నడుం దిగిపోకుండా.