పోశం ఎవరి పక్కన కూర్చున్నాడు?

కరోనా రోజులు. గోదావరిఖని. బొగ్గుబాయి కార్మికుడు పోశం జ్వరంతో ఇంట్లోనే వేరే గదిలో ఉన్నాడు. అతను ఎవరెవరిని కలిశాడో రాసుకోవడానికి ఆరోగ్య కార్యకర్త సంధ్యారాణి ఫోన్ చేసింది.

"బాయిల ముగ్గురు, ఇంట్ల ఐలవ్వ చిన్నమ్మ. ఇంకెవలు, పోశం కాకా?"

"ఇంకెవ్వరు లేరు బిడ్డా."

"షిఫ్టు మూడింటికి అయిపోతది. నువ్వు ఇంటికచ్చేది ఆరింటికట గద?"

"నడుచుకుంట వస్త."

"బండి ఉన్నది గద?"

"బండి... నూకుకుంట వస్త."

"కాకా, నవ్వులాట కాదు. ఇంకెవలకన్న అంటుకుంటే?"

"మెల్లగ బిడ్డా. మా ఇంటామె తలుపవతలనే ఉన్నది."

"అంటే... ఎవలన్న ఆడామె..."

"అయ్యో, గది కాదు! నా మొఖానికి గదొక్కటే తక్కువ."

"మరేంది?"

"నవ్వొద్దు."

"నవ్వ."

"బడికి పోతున్న."

"బడికా? యాభై ఆరేండ్లకా?"

"నవ్వినవ్."

"దగ్గచ్చింది. చెప్పు."

"ముప్పై ఏండ్లసంది హోటల్ల పేపర్ పట్టుకొని కూసుంటున్న. చాయ్ తాగుడు, పేజీ తిప్పుడు, అంత తెలిసినట్టు తలకాయ ఊపుడు. అక్షరం ముక్క రాదు. ఓనాడు తలకిందులు పట్టుకున్న. పక్కోడు 'ఏందే పోశన్నా' అంటే, 'గిట్ల చదివితే కండ్లకు మంచిది' అన్న. వాడు గూడ తిప్పి పట్టుకున్నడు."

"చదువు ఎవలు చెప్తున్నరు?"

"సుసన్నా టీచరమ్మ. రిటైరయింది. డెబ్బై ఏండ్లుంటయి. ఒక్కతే ఉంటది."

"ఎంత దూరంల కూసుంటరు?"

"దూరమేంది, నా చెయ్యి పట్టుకొని దిద్దిస్తది. సబ్బల్ పట్టిన చెయ్యి గద, బలపం పట్టుకుంటే ఇరుగుతది."

"మాస్కు?"

"'ళ' అనుమంటది. నాలిక ఏడ తాకాల్నో చూడాలె గద. ఇద్దరం తీసినం."

"ఆడికి పోక ఎన్నొద్దులాయె?"

"జ్వరమచ్చినకాంచి పోలె. ఆరు రోజులాయె. నువ్వు జల్ది పోయి చూడు బిడ్డా. నా పరువు పోతే పోయింది, ముసలామెకు ఏమన్న అయితే..."

"కాకా... ఆమె మొన్ననే దవాఖానల చేరింది. ఆక్సిజన్ పెట్టిన్రు. ఇయ్యాల జర నయమున్నది."

"నా వల్లనే..."

"'మీ ఇంటికి ఎవలచ్చిన్రు టీచరమ్మా' అని ఆమెను నేనే అడిగిన. ఎవ్వరు రాలె అన్నది. మూడు సార్లు అడిగినా గదే మాట."

"గట్లెందుకన్నది?"

"ఆఖరుకు, 'నా దగ్గర చదువుకునే పిల్లగానికి మాటిచ్చిన, పేరు చెప్ప' అన్నది. రెండు రోజులసంది నేను కాలనీల బడి పోరగాండ్లందర్నీ అడుగుకుంట తిరుగుతున్న."