బ్రస్సెల్స్ పోయొచ్చిన ప్రెసిడెంటు

గోదావరిఖని చౌరస్తాల సారవ్వ చాయ్ బండి కాడ వీరేందర్ నోరు తెరిచిండంటే ఇగ పొయ్యి మీద పాలు పొంగినా చూసేటోడు ఉండడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పట్నంల ఫోన్ కంపెనోళ్ళ మీటింగుకు పోయొచ్చిండు ఆయన. గా మీటింగు చాయ్ చాయ్‌కి పెరుగుకుంట పెరుగుకుంట వచ్చి, ఇప్పుడు సముద్రాలు దాటింది.

ఆ మాపటికి రమ గూడ వచ్చి బల్ల మీద ఓ మూలకు కూసున్నది. ఆమెది చౌరస్తాల ఫుట్‌పాత్ మీద ఫోన్లు బాగుజేసే టేబుల్. షిఫ్టు దిగి పోయే బొగ్గుబాయి కార్మికులే ఆమె గిరాకి. తెల్లారితే మున్సిపల్ ఆఫీసుల మాటలున్నయి, ఫుట్‌పాత్ మీది టేబుళ్ళన్నీ లేపి బైపాస్ అవతల పెట్టాల్నా వద్దా అని. అంత దూరం పగిలిన ఫోను పట్టుకొని ఎవడొస్తడు, టేబుల్ పోతే ఇల్లు ఎట్ల నడుస్తది అని రమకు అన్నం సయిస్తలేదు. ఆడ మాట్లాడేది సెల్‌ఫోన్ దుకాణాల సంఘం ప్రెసిడెంటు. ప్రెసిడెంటంటే వీరేందరే. ఏసీ షోరూమ్ ఆయనది, రమ టేబుల్ దాని ముంగట్నే. రేపు ఏం చెప్తవన్నా అని అడగనీకె వచ్చిందామె, అడిగే సందు ఇస్తేగద ఆయన.

నేను చేసిందేం లేదు, ఉత్త ఛార్జర్ ఇచ్చిన, గంతే, అని నిమ్మళంగనే షురూ జేసిండు వీరేందర్. పట్నం హోటల్ల ఒక తెల్లాయన ఫోన్ చచ్చిపోయి పరేషాన్‌ల ఉన్నడట, ఎవ్వల పిన్నూ ఆయన ఫోనుకు పడ్తలేదట, ఈయన సంచిల అన్ని తీర్ల పిన్నులుంటయిగద, ఒకటి తీసి పెట్టంగనే గా ఫోను లేసి కూసున్నదట. ఆ తెల్లాయన ఎవరో కాదు, యూరప్‌ల ఫోన్లు, కంప్యూటర్ల కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న సంఘానికి పెద్దమనిషి.

బాయిల పంపులు నడిపి రిటైరైన బుచ్చన్న కాకకు డౌటొచ్చింది. సంఘమంటే మన యూనియన్ అసొంటిదేనా అని అడిగిండు.

"ఇంచుమించు గంతే కాకా. కాకపోతే యూనియన్ల కార్మికులుంటరు, గా సంఘంల కంపెనీలుంటయి. బజార్ల ఒకదాని గొంతు ఒకటి పట్టుకునే కంపెనీలు, చట్టం రాసే సారు తలుపు కాడికి వచ్చేసరికి ఒక్క చాప మీద కూసుంటయి."

ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా అని అందరి మొఖాలు చూసిండు. వారం తిరగకముందే ఈయన బ్రస్సెల్స్‌ల దిగిండట. యూరప్‌ల దేశాలన్నిటికీ చట్టాలు ఆ ఊర్లనే వండుతరట. గల్లీకో సంఘమట, ఫోన్లకొకటి, వైర్లకొకటి, యాప్‌లకొకటి, ఆఖరికి సంఘాలన్నిటికీ కలిపి ఇంకో సంఘమట. పొద్దుగాల సార్లను టిఫిన్‌కు పిలుస్తరట, టిఫిన్ చారెడు, ఉపన్యాసం బండెడు. ఏ చట్టం తెచ్చినా వద్దనరట. చట్టం బంగారం సారూ, కాకపోతే జర ఆగి తెండ్రి, మస్తు జల్ది చేస్తే కొత్త మిషన్లు పుట్టుడు బందైతది అంటరట, గా జర అంటే ఐదేండ్లట.

అప్పుడు ఆడ నడుస్తున్న లొల్లేందంటే, అన్ని ఫోన్లకూ ఒక్కటే పిన్ను ఉండాలె అన్న చట్టం. పెద్ద కంపెనీలకు అది గొంతుల పడ్డ ముల్లు. కాని కోట్లున్నోడు పోయి నాకు కష్టమైతదంటే సార్లు నవ్వుతరుగద. గందుకే వీరేందర్‌ను తోలుకపోయిర్రు.

"చిన్న దుకాణపోన్ని ముంగట నిలబెట్టాలె, ఎన్క నుంచి మనం మాట్లాడాలె. చిన్నోని మొఖం, పెద్దోని మాట. గదీ ఇగురమంటే, తెలివంటే."

రమ చేతిల గ్లాసు నోటి దాకా పోయి ఆగింది. పోయిన నెల మున్సిపల్ సారు కాడికి టేబుళ్ళోళ్ళను తోలుకపోయింది గూడ ఈయననే. రమనే ముంగట నిలబెట్టిండు. ఎన్క నుంచి ఇంగ్లీషుల ఏందో మాట్లాడిండు, సారు రమ దిక్కు చూసి నిజమేనామ్మా అన్నట్టు తలూపిండు, రమ గూడ ఊపింది. ఏం మాటకు ఊపిందో ఆమెకు ఇప్పటిదాక తెల్వది.

వీరేందర్ కథ మాత్రం ఆగలే. చట్టం రాసే సార్ల పెద్ద సభల మైకు పట్టుకొని, చిన్న దుకాణాలు ఆగమైతయి సారూ అని ఏడ్చిండట. ఆడ ఒక్కో భాషకు ఒక్కో అద్దాల డబ్బాల మాట మార్చి చెప్పేటోళ్ళుంటరట, వాళ్ళు గూడ ఎవని భాషల వాడు ఏడ్చిండట. కన్నీళ్ళు మడిమెల దాకొచ్చినయి, ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా, మోకాళ్ళ దాకొచ్చినయి, సభల కుర్చీలు తేలినయి, ఇగ వీరేందరే ఫోన్ కొట్టి మన బాయిల నీళ్ళు తోడే పంపులు విమానంల తెప్పిచ్చిండట.

పంపులంటే నేనుగద, నన్నెందుకు పిలువలేదు బిడ్డా అన్నడు బుచ్చన్న.

"నువ్వు సెకండ్ షిఫ్టుల ఉంటివి కాకా."

తను రిటైరై ఎనిమిదేండ్లాయె అన్నడు కాక. గందుకే పిలువలే అన్నడు వీరేందర్, రెప్ప గూడ కొట్టకుంట. మల్లా ఎత్తుకున్నడు. తను మాట్లాడినంత సేపు ఆడ పొద్దు గుంకలేదట, సూర్యుడు కిటికీల నిలబడి విన్నడట, గొంతు ఎండిందని ఒక రాజు తానే లేసి చాయ్ పెట్టుకొచ్చిండట, గా చాయ్ సారవ్వ చాయంత గూడ లేదట.

సారవ్వ పొగడ్తకు పడే మనిషి కాదు. గరిటె తిప్పుకుంటనే అడిగింది. "మరి ఇప్పుడు అందరి ఫోన్లకు ఒక్కటే పిన్నాయెగద. నువ్వు ఆపింది ఏంది?"

"నేను రానిచ్చిన, వచ్చింది. పోనీతీయ్ పాపం అన్న. లేకుంటే వస్తుండెనా?"

అందరూ నవ్విర్రు. రమ నవ్వలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి లేసింది.

"అన్నా, మా నాయిన బాయిల పనిజేసినప్పుడు, లీడర్ ఆఫీసర్‌తోని మాట్లాడవోయే ముందు గేట్ మీటింగ్ పెట్టెటోడు. లోపల ఏమడుగుతడో గేటు కాడ స్టూలెక్కి చెప్పాలె. కార్మికులు చేతులు లేపితేనే లోపలికి పోవాలె. గన్ని దేశాలకు చెప్పొచ్చినవు, మాకు గూడ చెప్పు. రేపు ఏమడుగుతవు?"

గేట్ మీటింగ్ అనంగనే బల్ల మీది కార్మికులంతా అటు తిరిగిర్రు. బుచ్చన్న కాక తను కూసున్న స్టూలు మీదికెళ్ళి లేసి, దాన్ని కాలుతోని వీరేందర్ ముంగటికి జరిపిండు. బొగ్గుబాయి ఊర్ల పుట్టి పెరిగినోడు, స్టూలు జరిపినంక ఎక్కననెటట్టు లేదు. చెప్పులిడిచి ఎక్కిండు. ఊరు బాగుపడాలె అన్నడు. ట్రాఫిక్ అన్నడు. చౌరస్తా అందంగ ఉండాలె అన్నడు. రాజుతోని చాయ్ పెట్టిచ్చిన గొంతు పలుచబడుకుంట పలుచబడుకుంట వచ్చింది.

"అడుగుడేంది అన్నా" అన్నది రమ.

"షోరూమ్‌ల ముంగట… గిరాకోళ్ళకు బండ్లు పెట్టుకునే జాగ గావాలె అని."

"నా టేబుల్ ఉన్న జాగల్నా?"

పోయిన నెల తను దేనికి తలూపిందో రమకు అప్పుడు సమజైంది. చెవులు ఎర్రగైనయి గాని గొంతు లేపలే.

"ఈయన రేపు మన తరఫున మాట్లాడాలన్నోళ్ళు చేతులు లేపుండ్రి" అన్నది.

సారవ్వ పాలల్ల పొంగు ఊదుకుంట నిలబడ్డది. బుచ్చన్న కాక జేబులల్ల చేతులు పెట్టుకున్నడు. ఒక్క చెయ్యి లేవలే.

"నేను మాట్లాడాలన్నోళ్ళు?"

కాక చెయ్యి లేసింది. బల్ల మీది చేతులన్నీ లేసినయి. సారవ్వ గరిటెనే లేపింది.

వీరేందర్ స్టూలు మీదనే ఉన్నడు. దిగాల్నా, ఉండాల్నా తెల్వక కింద చెప్పుల కోసం కాలుతోని దేవులాడుతున్నడు. రమ వంగి చెప్పులు దగ్గరికి జరిపింది.

"నువ్వు గూడ రావాలె అన్నా. సార్లకు నీ మొఖమే ఎర్క. ముంగట నువ్వే నిలబడు, ఎన్క నుంచి నేను మాట్లాడ్త."