లంగరు వేయరాదు

పడవవాడా, పడవవాడా, లంగరెక్కడ దించావు,
ఇసకలోనా, రాతిలోనా, ఈడొచ్చిన పిల్ల ఎదలోనా...

మూడో పాదం నాకు రాదు. ఆలివ్ కాయలు ఏరేటప్పుడు మా అక్కలు పాడేవాళ్ళు. మూడో పాదం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి నవ్వుకునేవాళ్ళు, చిన్నదాన్నని నాకు వినపడనిచ్చేవాళ్ళు కాదు. ఇంత ముసలిదాన్నయ్యాక, ఒక వేసవంతా ఆ రెండు పాదాలే నా నోట్లో తిరిగాయి. మా రేవులో లంగరు దిగిన వేసవి అది.

మా దీవి రేవులో, నీళ్ళ అడుగున గడ్డి ఉంది. చేపలు గుడ్లు పెట్టేది అందులోనే. ఇనుప లంగరు పడితే ఆ గడ్డి వేళ్ళతో సహా లేచిపోతుంది, మళ్ళీ మొలవాలంటే ఒక మనిషి ఆయుష్షు పడుతుందట. అందుకని గట్టు మీద ప్రభుత్వం వాళ్ళు పలక పాతారు. ముసలితనంలో మనవరాలి దగ్గర అక్షరాలు దిద్దుకున్న నేను, ఎవరి సాయమూ లేకుండా మొదట చదివింది ఆ పలకనే. ఇక్కడ లంగరు వేయరాదు.

నా మరిది యాకుమీస్, మా ఆయన తమ్ముడు, ఈస్టరు ముందటి పెద్ద ఉపవాసాల రోజుల్లో గాలివానలో ఇంజను ఆగిపోయి ఒక్క రాత్రి అక్కడ లంగరు వేశాడు. వేయకపోతే రాళ్ళకు కొట్టుకునేవాడు. తెల్లారి రేవు పోలీసు థెమెలీస్ వచ్చి, పడవ చుక్కానికి ఎర్ర తాడు చుట్టి, ముడి మీద సీసం ముద్ర వేసి వెళ్ళాడు. తీర్పు వచ్చేదాకా పడవ కదలకూడదు. ముద్ర తెంపితే పడవను గట్టుకు లాగి యంత్రంతో నుజ్జు చేస్తారు. అంతకుముందు ఏడు అవతలి ఊళ్ళో ఒక పడవకు అలాగే చేశారు. ఆ చెక్క విరిగే చప్పుడు నేను విన్నాను. కోడి మెడ విరిచినట్టు కాదు, మనిషి ఎముక విరిగినట్టు ఉంటుంది. మా మరిది పడవకు మా అత్తగారి పేరు పెట్టుకున్నాడు, కలియోపి అని. ఆ పడవ తప్ప అతనికి పెళ్ళామూ లేదు, పిల్లలూ లేరు.

వేసవి మొదట్లో, పెంతెకోస్తు పండగ ముందు పెద్ద దేశం వాళ్ళ యుద్ధనౌక ఒకటి వచ్చి, సరిగ్గా ఆ గడ్డి మీదే లంగరు దించింది. మన దేశానికి స్నేహితులే అన్నారు. థెమెలీస్ రాజధానికి ఫోన్ చేశాడు. వాళ్ళ సంగతి మనది కాదు, నీ పడవలు నువ్వు చూసుకో అన్నారట. ఆ నౌక పగలూ రాత్రీ ఒకటే మూలుగు. సెవస్తి కాఫీ కొట్టులో కప్పులు సాసర్ల మీద వణికేవి. మేకలు పాలు తగ్గించాయి. మగవాళ్ళు కూర్చుని లేచి, లేచి కూర్చుని, గట్టు దాకా వెళ్ళి చూసి ఉమ్మేసి వచ్చేవాళ్ళు. నేనేమో ఆ పలక ముందు నిలబడి మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని. రాసింది రాసినట్టు చదువు వచ్చిన ప్రతివాళ్ళకూ వర్తిస్తుందనుకున్నాను మరి. ఆ నౌకలో చదువొచ్చినవాళ్ళు వందలమంది ఉండి ఉంటారు.

ఒక ఆదివారం గుడి వదిలాక, సెవస్తి నా పినతల్లి కూతురే గనక, ఆమె గుమ్మంలో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తున్నాను. లోపల యాకుమీస్ మొదలుపెట్టాడు.

"నిన్న తెల్లారగట్ల వెళ్ళి చెప్పొచ్చాలే."

"ఎవరికి?" అన్నాడు మేకల నోమికోస్. చిన్నప్పట్నించీ వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు గిల్లుకోకుండా కాఫీ తాగింది లేదు.

"ఇంకెవరికి, ఆ బూడిద దయ్యానికి. గట్టిగా ఏం కాదు, మర్యాదగానే. కింద నిలబడి, అయ్యా, ఇక్కడ లంగరు వేయకూడదు, పలక చూడలేదా అన్నాను. పైనుంచి ఒక కుర్రాడు తొంగి చూసి, ఏ పలక అన్నాడు. వాడి తప్పు కాదు పాపం, అంత ఎత్తునుంచి మన పలక చీమ తలకాయంత కనపడుతుంది. సరే అని గట్టుకొచ్చి, పలకను పెరికి, భుజాన వేసుకుని మళ్ళీ వెళ్ళాను."

"ఆ పలకకు సిమెంటు పోశారు కదరా."

"సిమెంటుతో సహా. వింటావా, మేకల కాడికి పోతావా? పలక చూసేసరికి వాళ్ళ కెప్టెనే దిగొచ్చాడు, తెల్లటి చేతి తొడుగులు, పెళ్ళికొడుకులా ఉన్నాడు. పెద్దాయనా, ఇది మీకు రాసింది, మాకు కాదు అన్నాడు. నేనేమన్నానో చెప్పుకోండి చూద్దాం. బాబూ, మీ దేశంలో చేపలు గుడ్లు పెట్టవా అన్నాను. మొహం కందగడ్డ అయిపోయింది. నేను ఊరుకుంటానా, గొలుసు పట్టుకున్నా. ఒక్కో కడియం ఇదిగో ఈ సెవస్తి రొట్టెల పొయ్యంత ఉంది."

"నా పొయ్యి జోలికి రాకన్నా," అంది సెవస్తి కప్పులు కడుగుతూ.

"పొయ్యంత ఉంది, తల్లీ. మన దగ్గరేముంది, ఆక్టోపస్‌ని పట్టే కొక్కెం. దాన్ని గొలుసుకు తగిలించి ఇట్టా ఒక్క గుంజు గుంజాను. నౌక ఎట్లా ఒరిగిందనుకున్నారు, నోమికోస్ తన కూతురి పెళ్ళిలో ఒరిగాడు చూడు, అట్లా. వంటగదిలో పళ్ళేలు జారడం నాకు వినిపించింది. కెప్టెన్ పరుగున వెళ్ళి వాళ్ళ పైవాడికి ఫోన్ చేశాడు, ఆ పైవాడు ఆపై వాడికి, వాడు వాడి పైవాడికి, అట్లా పోయి పోయి వాళ్ళ దేశం మొత్తానికి పెద్దాయన ఉన్నాడే, ఆయన దగ్గర ఆగింది. ఆయనప్పుడు గడ్డం గీసుకుంటున్నాడు. ఎట్లా తెలుసంటారా? సబ్బు నురగ ఫోన్‌లోంచి నా చెవికి అంటింది. ఎవరయ్యా నువ్వు అన్నాడు. యాకుమీస్‌ని అన్నాను. కత్తి కింద పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత నెమ్మదిగా, ఆ యాకుమీసేనా అన్నాడు."

అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత ఆ కొట్టులో నవ్వు విన్నాను. నా ఒళ్ళోంచి గింజలు జారిపోయాయి. అప్పుడే థెమెలీస్ వచ్చి, టోపీ తీసి బల్ల మీద పెట్టుకుని, మూలగా కూర్చున్నాడు. మంచి పిల్లాడే, అవతలి ఒడ్డువాడు. తాడు కట్టిన రోజు నా మరిది మొహం చూడలేక ముడి వైపే చూశాడు. అతన్ని చూసి యాకుమీస్ ఆగుతాడనుకున్నాను. ఆగలేదు సరికదా, కుర్చీ అటు తిప్పాడు.

"రా అబ్బాయ్, నువ్వూ విను, నీ పనే చేశాను. కొక్కెం వదలకుండా నౌకను అట్లాగే లాక్కుంటూ బయటి సముద్రానికి తీసుకుపోయి, అడుక్కి దించి చేపల ముందు నిలబెట్టాను. గుడ్లు పోయింది వాటివి, తీర్పు చెప్పాల్సింది కూడా అవే కదా. పెద్ద ముసలి చేప ఒకటి జడ్జీగా నడి రాతి మీద కూర్చుంది. ఆక్టోపస్ గుమాస్తా. దానికేం, ఎనిమిది చేతులు, సిరా కూడా సొంతమే, గవర్నమెంటుకు పైసా ఖర్చు లేదు. ఆ ముసలి చేప నౌకను అడిగింది, పలక చదివావా. చదివాను. అయినా వేశావా. వేశాను. ఎందుకు వేశావు. నన్నెవరూ ఏమీ అనరు గనక."

నోమికోస్ నవ్వబోయి ఊరుకున్నాడు. బయట నౌక మూలుగుతోంది. బల్ల మీద చెంచా దానంతటదే జరుగుతోంది.

"ఏం తీర్పు చెప్పారు?" అంది సెవస్తి. చేతిలో కప్పు కడగడం ఆపేసింది.

"అదీ అడగాల్సింది. ప్రపంచంలో పెద్ద దేశాలన్నీ, ఒక్కటి కూడా తప్పించుకోడానికి లేదు, ఈ థెమెలీస్ ఆఫీసు కిటికీ ముందు వరసలో నిలబడాలన్నారు. నిలబడ్డాయి. ఎండలో. టోపీలు చేత్తో పట్టుకుని. ఈయన ఒక్కొక్కళ్ళ కాగితం తిప్పి తిప్పి చూసి, ముద్ర సరిగ్గా పడలేదండీ, గురువారం రండి అన్నాడు. గురువారం వచ్చాయి. పై ఆఫీసరు లేడండీ, పండగ వెళ్ళాక రండి. ఒక పెద్ద దేశం ఏడ్చింది, నా కళ్ళతో చూశాను, ఈ గోడకి ఆనుకుని ఏడ్చింది. మేము యుద్ధానికి పోవాలి, ఆలస్యమైపోతోంది అంటోంది. నేనే జాలిపడి కాఫీ పోయించాను. సెవస్తి దగ్గర కుర్చీలు చాలక చేపల బుట్టలు తిరగేసి కూర్చోబెట్టాం. అక్కడే సంతకాలు చేశాయి. నియమం అంటే నియమమే, అది చిన్నవాడికీ నియమమే పెద్దవాడికీ నియమమే అని. చేసి లేచి, పోతూ పోతూ, పడవవాళ్ళందరి చేతులూ ముట్టుకుని పోయాయి. నౌక చుక్కానికి నా చేతుల్తో ఎర్ర తాడు కట్టి సీసం ముద్ర వేశాను. ఇంకేం కావాలి?"

అప్పుడు థెమెలీస్ చాలా నెమ్మదిగా అన్నాడు, "ఏ పడవలో వెళ్ళావు, బాబాయ్?"

అతను నవ్వుతూ అడగలేదు. కోపంగానూ అడగలేదు. ఆ ఉదయం గస్తీలో కలియోపి దగ్గర ఆగి, ముద్ర సీసం నిన్నటికీ ఇవాళ్టికీ వేరే వైపు తిరిగి ఉందని చూశాడట, సెవస్తి తర్వాత చెప్పింది. గాలికి తిరిగిందో, ఎలుక కొరికిందో. చూశాక అడగకుండా ఉండటం అతని చేతిలో లేదు. అడిగాక వచ్చే జవాబు రాయకుండా ఉండటమూ అతని చేతిలో లేదు.

నా మరిదిని నేను కొత్త కోడలిగా వచ్చిన రోజునుంచీ ఎరుగుదును. కోసిన కోతలనుంచి ఒక్క అడుగు వెనక్కి వేసే మనిషి కాదు. అతని గడ్డం పైకి లేచింది. ఛాతీ విరుచుకుంది. నా కలియోపిలో అనడానికి నోరు తెరిచాడు. అది నాకు అతని పెదవుల మీద కనపడింది, పలక మీద అక్షరాలు కనపడినట్టే.

"పడవా?" అన్నాను నేను. గుమ్మంలోంచే, తల ఎత్తకుండా. "నిన్న తెల్లారగట్లనుంచీ మా మిద్దె మీద సున్నం కొడుతున్నాడు బాబూ. ఇంకా గోళ్ళ సందుల్లో తెల్లగానే ఉంటుంది, చూడు. పడవ లేకపోతే ఏం ఈదుకుని పోయాడంటావా? ఇతనికి ఈతే రాదు. మోకాలు తడిస్తే అమ్మా అని కలియోపమ్మను పిలిచే మనిషి."

అది నిజమే. మా దీవిలో పాత పడవవాళ్ళెవరికీ ఈత రాదు. సముద్రం ఎలాగూ తీసుకుపోవాలనుకుంటే ఈత వల్ల ఆలస్యమే తప్ప లాభం లేదని వాళ్ళ నాన్నలు నేర్చుకోనిచ్చేవాళ్ళు కాదు. ఊళ్ళో అందరికీ తెలుసు, కానీ నలుగురిలో మొహం మీద ఎవరూ అనరు. నేను అన్నాను.

నోమికోస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "అమ్మా అని పిలుస్తాడట," అని బల్ల చరిచాడు. వెనక బల్లలవాళ్ళు కూడా అందుకున్నారు. థెమెలీస్ వంగి నా మరిది చేతి గోళ్ళు చూశాడు, చూసి ఊపిరి వదిలాడు. "సున్నమే," అన్నాడు. టోపీ పెట్టుకుని, కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

యాకుమీస్ మాత్రం నన్నే చూస్తూ ఉండిపోయాడు. పెద్ద దేశాలన్నింటినీ ఏడిపించి వచ్చిన మనిషి, చేతులు బల్ల కింద దాచుకున్నాడు. లేచి, నా పక్కనుంచి, నా గింజల గిన్నెకు కాలు తగలకుండా జాగ్రత్తగా దాటి వెళ్ళాడు. తన్నేసి పోయినా బాగుండేది.

ఆ తర్వాత కొట్టుకు రావడం మానేశాడు. మా మిద్దె సగం సున్నంతో అలాగే ఉండిపోయింది. నౌక తనకు బుద్ధి పుట్టినప్పుడు వెళ్ళింది, ఎవరూ పొమ్మనలేదు. గొలుసు పైకి లాగిన రోజు గడ్డి గుత్తులు గుత్తులుగా, వేళ్ళతో సహా, ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నేను ఒక గుత్తి ఇంటికి తెచ్చుకున్నాను. ఎందుకో తెలియదు. నీళ్ళల్లో పెట్టాను, నిలవలేదు. పలక ఎక్కడిదక్కడే ఉంది.

తీర్పు ఆకురాలు కాలంలో వచ్చింది, పడవ విడిచిపెట్టమని. థెమెలీస్ స్వయంగా వచ్చి తాడు కోశాడు. అప్పటికి యాకుమీస్ లేడు. ద్రాక్ష కోతలప్పుడు, మధ్యాహ్నం కునుకులోనే పోయాడు. కలియోపి రేవులో ఊగుతూనే ఉంది, ఒక్క చెక్కా చెడలేదు.

కానీ ఆ ద్రాక్ష కోతలకు కొన్నాళ్ళ ముందు ఒక పొద్దున, ఉప్పు కోసం రాళ్ళ వెనక్కి వెళ్ళాను. రాళ్ళ మీద ఉప్పు మంచిగా పేరుకునే కాలం అది. నీళ్ళల్లో ఏదో కొట్టుకుంటున్న చప్పుడు. మేకపిల్ల పడిందేమోనని తొంగి చూశాను. నా మరిది. రెండు ఖాళీ నూనె డబ్బాలు చంకల కింద కట్టుకుని, రొమ్ము లోతు నీళ్ళల్లో, ఒక చేత్తో రాయి పట్టుకుని కాళ్ళు ఆడిస్తున్నాడు. నోట్లోకి నీళ్ళు పోతున్నాయి. ఉమ్మి మళ్ళీ ఆడిస్తున్నాడు. ఆ వయసులో. నాకు అక్షరాలు దిద్దిన రోజులు గుర్తొచ్చాయి, బలపం విరిగేది ఊరికే.

నన్ను చూసి రాయి గట్టిగా పట్టుకున్నాడు. నాతో ఇక మాట్లాడడనే అనుకున్నాను. నోట్లో నీళ్ళు ఉమ్మేసి, దూరంగా నౌక నిలబడిన చోటు వైపు గడ్డం చూపించి అన్నాడు.

"ఈసారి ఏ పడవలో వెళ్ళావని ఎవడూ అడగడు, వదినా."