పార్కులోంచి కదలని గేరు

కారు బానెట్ ఎత్తి, ఫ్యూజుల పెట్టె మూత తీసి చూసిన మెకానిక్, పక్కన నిలబడ్డ నడివయసు ఆవిడ వైపు తిరిగాడు.

"గేరు పార్కులోంచి ఎందుకు కదలట్లేదో తెలిసిందమ్మా. బ్రేకు లైట్ల ఫ్యూజు ఎవరో పీకేశారు, అది లేందే గేరు పడదు."

"నేనే తీశాను బాబూ. మెల్లగా మాట్లాడు, నాన్న వింటారు."

"మరి నన్నెందుకు పిలిచారు?"

"ఆయన పోరు పడలేక. బండికి వేయాల్సిన సామాను ఇంకా రాలేదని నువ్వు చెప్పు. నేను చెబితే వినరు."

పెద్దాయన కారు లోపల బెల్టు పెట్టుకుని, స్టీరింగు పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

"అంత తొందరగా ఎక్కడికటమ్మా?"

"బడి వదిలే వేళయిందట. పాప గేటు దగ్గర ఏడుస్తుందట."

"పోనీ, నా బండి మీద వెళ్ళి తీసుకురానా?"

"ఆ పాప నేనే బాబూ."

మెకానిక్ బానెట్ చప్పుడు కాకుండా దించి, కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"సామాను రేపొస్తుంది సార్. పాప ఇంటికొచ్చేసింది, మీరు దిగండి."