చాప మీది బుద్ధి పరీక్ష

1919 జూన్ తొమ్మిదో తేదీన, వాన దంచికొడుతుండగా బండి దిగి, తడి చీరతోనే హాజరుపట్టీలో సంతకం చేసిన నాటి నుంచి నేటి ఈ వీడ్కోలు వరకు, శ్రీమతి నిర్మలమ్మ గారు కల్వకుర్తి దారిలోని మన మిషన్ బాలికల బడికి ప్రాణం పెట్టి సేవ చేశారు. చాలా ఏళ్లు చిన్న తరగతులకు అక్షరాలు దిద్దించి, తరువాత లెక్కలు బోధించి, 1935లో హైదరాబాదులో శిక్షణ ముగించుకుని, పిల్లల తెలివిని కొలిచే బుద్ధి పరీక్షల పెట్టెతో తిరిగి వచ్చారు. అందులోని కొయ్యముక్కలనూ బొమ్మలనూ చూసి, ఇక జోస్యం చెప్పే చిలక ఒక్కటే తక్కువని తోటి ఉపాధ్యాయులు నవ్వుకున్నారు.

రెండేళ్లకు ఆ పెట్టెకే పరీక్ష వచ్చింది. మూడో తరగతిలో సుక్కమ్మ అనే కూలివారి పిల్ల ఉండేది. కాలు ఒకచోట నిలవదు, పాఠం చెవికెక్కదు. మొద్దు పిల్ల, పేరు కొట్టేద్దామని బడి పెద్దలు నిశ్చయించారు. పేరు పోతే మరునాడే దొర గడీలో వెట్టికి పోవలసిందే. నిర్మలమ్మ గారు కుర్చీలో కూర్చుని, ఎదుట పిల్లకు చాప వేయించి పరీక్ష పెట్టారు. సుక్కమ్మ ప్రతి ప్రశ్నకూ లేచి నిలబడి నేలచూపులు చూసింది. బుద్ధి మాంద్యమని ఆమె తమ చేతితోనే రాశారు.

ఆ మాట చెప్పడానికి తల్లి నర్సింగమ్మను పిలిపించారు.

"కూసో నర్సింగమ్మా, నిలబడ్తవేంది?"

"వద్దమ్మా. మీరు కుర్చీల ఉంటే మేమెట్ల కూసుంటం? దొరల ముంగట కూసోవద్దని పిల్లకు గూడ గదే చెప్పిన."

 ఆ పరీక్షలో తాము కొలిచింది పిల్ల భయాన్నేనని నిర్మలమ్మ గారికి తెలిసివచ్చింది. వెంటనే కుర్చీ బయట పెట్టించి, తామే చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, సుక్కమ్మను మళ్లీ పిలిచారు.

"ఇట్ల రా బిడ్డా. ఈ బొమ్మల ఏం తక్కువుందో చెప్పు."

సుక్కమ్మ మెల్లగా పక్కన చేరి, బొమ్మలోని బండిని చూసింది. "గీ చక్రానికి సీల లేదమ్మా. జర దూరం పోతే ఊడుతది."

కొయ్యముక్కలను పెద్ద తరగతి పిల్లల కంటే చురుగ్గా పేర్చింది. అంకెలు విని తిరిగి చెప్పమంటే మాత్రం మనసు కిటికీ అవతలి గొర్రెల వెంట పోయింది. తెలివికి లోటు లేదు, ధ్యాసే నిలవడం లేదని ఆ తేడాలో నిర్మలమ్మ గారికి అర్థమైంది. అంతటితో తేల్చేయక, తరగతిలోనూ ఇంటి వద్దా పిల్లను గమనించారు. తమ తీర్పు తప్పని పెద్దల ఎదుట చెప్పి, దాన్ని కొట్టివేసి, సుక్కమ్మ పేరు నిలిపారు. పాఠాన్ని చిన్న ముక్కలు చేసి, నడుమ నడుమ నీళ్లు తెమ్మని పంపుతూ చదివించారు. విద్యకు ఇంత వినయం ఉంటుందా అని చూసినవారు నివ్వెరపోయారు.

ఆ సుక్కమ్మ గారే నేడు మన ఒకటో తరగతి పంతులమ్మ. ఇప్పటికీ ఒకచోట నిలవరు, తరగతంతా తిరుగుతూనే పాఠం చెబుతారు. పోయిన నెల ఒక కొత్త పిల్లను పరీక్షకు తెచ్చినప్పుడు, నిర్మలమ్మ గారు మోకాళ్లు పట్టుకుని చాప మీదికి వంగబోతే సుక్కమ్మ గారు చేయి పట్టి ఆపారు.

"మీరు కుర్చీల కూసోండ్రి అమ్మా. చాప మీద నేను కూసుంట."

పదవీ విరమణ చేస్తున్న ఈ 1946 ఏప్రిల్‌లో, ఆ మోకాళ్ల నొప్పి తీరి, నిర్మలమ్మ గారు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా ప్రార్థిస్తున్నాం. బడికి ఎప్పుడు వచ్చినా ఆ కుర్చీ వారిదే. చాప మీద సుక్కమ్మ గారు ఉన్నారు.